బడి తెరిచే ముందు పది రోజులు

మన ఆంధ్రప్రదేశ్‌లో ఎండాకాలం సెలవులు ఏప్రిల్ ఆఖరు వారంలో మొదలవుతాయి. మామూలుగా జూన్ 12 అటూ ఇటూ బడులు తెరుస్తారు. సరిగ్గా అప్పుడే మన రాయలసీమలో తొలకరి పడి సేద్యం పనులు మొదలవుతాయి. అనంతపురం, కర్నూలు పల్లెల్లో చెనక్కాయ విత్తనం కొనాలి, ఎరువులు తెచ్చుకోవాలి, ట్రాక్టర్ బాడుగ కట్టాలి. టౌన్లో ఉన్నోళ్లకు ఫీజు మొదటి కంతు, ఆటో అడ్వాన్సు, పుస్తకాలు, బట్టలు. అన్నీ ఒకే వారంలో మీద పడతాయి. ఆ వారం ఇంట్లో వినపడే అరుపులన్నీ పిల్లల మొండితనం వల్లేనని అనుకుంటాం గానీ, చాలావరకు అవి నిద్ర చాలక, డబ్బు చాలక, పనంతా చివరి మూడు రోజులకు నెట్టడం వల్ల వచ్చేవే. అందుకే నేను ఎవరికైనా ముందుగా చెప్పేది ఒకటే. పుస్తకాలకు అట్టలు తరువాత వేసుకోవచ్చు, ముందు నిద్ర సరిచేయండి.

సెలవుల్లో మన ఇళ్లలో రాత్రి ఎట్లా గడుస్తుందో చూడండి. ఎండకు కాలిన ఇల్లు పదకొండు దాకా చల్లబడదు. మిద్దె మీద నీళ్లు చల్లి, చాపలు పరిచి, మాటలన్నీ అయ్యేసరికి పన్నెండు. ఐపీఎల్ మ్యాచ్ ఏడున్నరకు మొదలైతే పదకొండు దాటితే గానీ అయిపోదు. ఆ తరువాత ఫోను. పిల్లోడు పన్నెండున్నరకు పడుకుని తొమ్మిదికి లేస్తాడు. అట్లాంటి పిల్లోణ్ణి బడి తెరిచిన రోజు ఆరింటికి లేపితే, వాడి ఒంటి లెక్కలో అది ఇంకా నడిరాత్రే. కళ్లు తెరవడు, ఇడ్లీ నోట్లో పెట్టుకుని నమలడు, షూ లేసు ముందర కూర్చుని ఏడుస్తాడు. బయట ఆటో హారన్ కొడుతుంటుంది.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. జూన్ 11న రాత్రి తొమ్మిదికే లైట్లు ఆర్పి పడుకోమంటారు. నిద్ర ఆజ్ఞ ఇస్తే రాదు. మెలకువగా ఉన్న గంటలు పెరిగేకొద్దీ నిద్రమత్తు పోగవుతుంది, పొద్దుటి వెలుతురు కంట్లో పడితే ఒంటి గడియారం ముందుకు జరుగుతుంది. కాబట్టి మార్చాల్సింది లేచే టైము. పడుకునే టైము దాని వెనకాలే వస్తుంది.

లెక్క ఇట్లా వేసుకోండి. తొమ్మిదికి లేచే పిల్లలను ఆరుకు తేవాలంటే మూడు గంటలు, అంటే 180 నిమిషాలు. రోజుకు 20 నిమిషాలు జరిపితే తొమ్మిది రోజులు పడుతుంది. జూన్ 3న 8:40కి లేపండి, 4న 8:20కి, 5న 8:00కి... అట్లా 11వ తేదీకి సరిగ్గా ఆరు అవుతుంది. లేపిన వెంటనే మిద్దె మీదికో, వాకిట్లోకో తీసుకుపోయి పదిహేను ఇరవై నిమిషాలు వెలుతురులో ఉంచండి. పళ్లు అక్కడే తోముకోనివ్వండి, పాలు అక్కడే తాగనివ్వండి. గదిలో ట్యూబ్ లైటు వేస్తే ఆ పని జరగదు, ఆ వెలుతురు చాలదు. ఆరేళ్లు దాటిన పిల్లలకు మధ్యాహ్నం నిద్ర అరగంట మించనివ్వద్దు, మూడు దాటాక అసలే వద్దు. సాయంత్రం నాలుగు తరువాత టీ, కాఫీ ఇవ్వద్దు. మన ఇళ్లలో పిల్లలకు గ్లాసులో సగం టీ పోయడం మామూలు అలవాటు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నా.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పదమూడు దాటినోళ్లకు 8 నుంచి 10 గంటలు. పొద్దున ఆరింటికి లేవాలంటే ఐదో తరగతి పాప రాత్రి తొమ్మిదికి నిద్రలో ఉండాలి, పదో తరగతి అబ్బాయి ఎంత ఆలస్యమైనా పదికి. ఫోను, టీవీ దానికి ఒక గంట ముందు ఆగిపోవాలి. ఫోను పడుకునే గదిలో ఛార్జింగు పెట్టకుండా వంటింట్లో పెట్టండి, పెద్దోళ్ల ఫోన్లు కూడా. ఈ ఏర్పాటు చెడేది ఎక్కువగా ఆదివారం. ఒక్క రోజే కదా అని పదింటి దాకా పడుకోనిస్తే సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. ఆదివారం మామూలు టైముకన్నా ఒక గంట మించి ఎక్కువ వద్దు.

కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. నాన్న కువైట్లో ఉంటాడు. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆయన పని ముగించి, వండుకుని, పదింటికి తీరిగ్గా ఫోను చేస్తే ఇక్కడ పన్నెండున్నర. పిల్లలు నాన్న ఫోను కోసం కళ్లు నులుముకుంటూ కూర్చుంటారు. దాన్ని మాన్పించమనడం లేదు, ఆ ఫోను పిల్లలకు చాలా అవసరం. మన రాత్రి ఎనిమిది అంటే అక్కడ సాయంత్రం ఐదున్నర. ఆ టైముకు ఐదు నిమిషాలు మాట్లాడి, శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఆ సాయంత్రం పెద్దగా మాట్లాడుకోవచ్చు. సాయంత్రం డ్యూటీలో ఉండే నాన్న అయితే వాయిస్ మెసేజ్ పెట్టమనండి, పిల్లలు పొద్దున అన్నం తినేటప్పుడు వింటారు.

నిద్ర తరువాత పొద్దుటి పూట. దీన్ని వెనక నుంచి లెక్కపెట్టాలి. ఆటో 7:40కి వస్తుంది అనుకుందాం. ఇద్దరు పిల్లలు, ఒకే బాత్రూము. ఒక్కొక్కరికి లెట్రిన్, స్నానం కలిపి 20 నిమిషాలు, అంటే 40. బట్టలు, జడలు 15. తినడానికి 20. షూ, బ్యాగు 5. సందు చివరికి నడవడానికి 5. మొత్తం 85. ఏదో ఒకటి కనపడకపోవడం, పాలు ఒలికిపోవడం లాంటివాటికి 15 కలపండి. 100 నిమిషాలు. అంటే ఆరింటికి లేవాలి. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు తినేలా చేస్తే ఇంకాస్త మిగులుతుంది. కొళాయి వచ్చే రోజు అమ్మ బిందెల దగ్గర ఉంటుంది కాబట్టి ఆ రోజు జడలు ముందు రాత్రే వేసేయాలి, లేదా ఆ పని అవ్వకు అప్పజెప్పాలి. ముందు రాత్రి చేయగలిగినవి పొద్దునకు మిగల్చద్దు. బ్యాగు సర్దడం, బట్టలు కొక్కేనికి తగిలించడం, సాక్సులు షూలో పెట్టడం, డైరీలో సంతకం. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు వీటిని తామే చేసుకోగలరు. మొదటి వారం పక్కన నిలబడండి, చేయి పెట్టద్దు.

ఒక విషయం మాత్రం అందరూ వదిలేస్తారు. లెట్రిన్. స్కూల్లో బాత్రూములు బాగుండవని చాలామంది పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటారు. ఆపుకోవడానికి నీళ్లు తాగడం మానేస్తారు. మన ఎండకు అది మూత్రంలో మంటకు, మలబద్ధకానికి, కడుపునొప్పికి దారితీస్తుంది. ఆ కడుపునొప్పిని మనం బడి ఎగ్గొట్టే సాకు అంటాం. తిన్న పదిహేను ఇరవై నిమిషాలకు పేగులు కదులుతాయి. అందుకని పొద్దున ఏదైనా తినిపించాకే లెట్రిన్‌కు పంపండి, ఉత్త కడుపుతో కూర్చోబెడితే ఊరికే టైము పోతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక నీళ్ల సీసా తెరిచి చూడండి. పెట్టిన నీళ్లు పెట్టినట్టే ఉంటే కారణం అడగండి. బాత్రూమే కారణమైతే పేరెంట్స్ కమిటీలో మాట్లాడాల్సిన మొదటి సంగతి అదే.

క్యారియర్ గురించి కొంచెం. బొరుగులతో చేసే ఉగ్గాని పొద్దున తినడానికి బాగుంటుంది, మధ్యాహ్నానికి ఎండిపోయి గొంతు దిగదు. జొన్నరొట్టె చల్లారితే గట్టిపడుతుంది. చిత్రాన్నం నిలుస్తుంది, చెనక్కాయ విత్తనాలు ఎక్కువ వేస్తే కడుపు కూడా నిండుతుంది. పెరుగన్నం పన్నెండుకల్లా పులిసిపోతోందంటే, పెరుగు బదులు గోరువెచ్చని పాలు పోసి మెత్తగా కలిపి ఒక చెంచా పెరుగు వేయండి. తినే టైముకు తోడుకుని కమ్మగా ఉంటుంది. మొదటి వారం కొత్త వంటలు పెట్టద్దు, తెలిసిన రుచే ధైర్యం. సర్కారు బడిలో చదివే పిల్లలకు మధ్యాహ్న భోజనం అక్కడే ఉంటుంది, గుడ్డు, చిక్కీ కూడా ఇస్తారు. కానీ అందరితో కలిసి నేల మీద కూర్చుని, గడువులోపల తినడం ఒకటో తరగతి పిల్లలకు రాదు. ఇంట్లో నాలుగు రోజులు ఎవరూ తినిపించకుండా, పళ్లెంలో పెట్టి ఇరవై నిమిషాల్లో తినే అలవాటు చేయించండి.

కొనుగోళ్ల సంగతి తొందరగా చెప్పేస్తా. బట్ట కొంటే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి టైలర్‌కు ఇవ్వండి, లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టి అవుతుంది. మడతలో రెండంగుళాలు వదలమనండి. జూన్ మొదటి వారంలో టైలర్ల దగ్గర గుట్టలు పడి ఉంటాయి, మే నెలలోనే ఇచ్చేయాలి. షూ సాయంత్రం పూట, సాక్సు తొడిగి కొనండి. పొద్దునకన్నా సాయంత్రానికి కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది. బొటనవేలు ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కొత్త షూ ఇంట్లో ఐదారు రోజులు, రోజుకు అరగంట తొడిగించండి. మొదటి రోజే మడమకు బొబ్బ లేస్తే రెండో రోజు బడి అంటేనే విసుగు. బ్యాగును తూకం వేయండి. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగు విధానం ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదు. 25 కిలోల పాపకు రెండున్నర కిలోలు. అందులో లీటరు నీళ్ల సీసాయే ఒక కిలో! స్కూల్లో మంచి నీళ్లు ఉంటే అరలీటరు సీసా చాలు, మళ్లీ పట్టుకుంటారు. ఆ విధానమే రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదని కూడా చెప్తుంది. ఒకటో తరగతి పాపను రాత్రి పది దాకా రాయించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

డబ్బు గురించి మాత్రం నిదానంగా మాట్లాడాలి. మే ఆఖరులోనే ఒక కాగితం మీద సంవత్సరం మొత్తం ఖర్చు రాయండి. ఫీజు, ఆటో లేదా బస్సు ఎన్ని నెలలకో, పుస్తకాలు, బట్టలు, షూ, పరీక్ష ఫీజు. జూన్‌లో కట్టి తీరాల్సినవి ఒక వైపు, ఆగగలిగినవి ఒక వైపు. మూడో జత బట్టలు ఆగస్టులో కుట్టించుకోవచ్చు. ఫీజు కంతులుగా కడతామంటే బడి తెరవకముందే వెళ్లి తేదీలతో రాయించుకోండి, ప్రతి కంతుకూ రసీదు తీసుకోండి. తెరిచాక అడిగితే ఆ మాట క్లాసులో పిల్లల ముందు వస్తుంది. పిల్లలను లేపి నిలబెట్టి ఫీజు అడగడం తప్పు అని యాజమాన్యానికి మర్యాదగా, ముందే చెప్పండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది.

బడికి పోయే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు 2025లో సరిగ్గా జూన్ 12న వేయడం మొదలుపెట్టారు. బిడ్డకు 15 వేలలో 13 వేలు తల్లి ఖాతాకు, 2 వేలు బడి నిర్వహణకు. ఆ డబ్బు నమ్ముకుని ముందే వడ్డీకి తెచ్చేవాళ్లున్నారు. దయచేసి అట్లా చేయద్దు. తల్లి ఖాతాకు ఆధార్, ఎన్‌పీసీఐ లింకు (సర్కారు డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే లింకు) సరిగ్గా ఉందో లేదో మే నెలలోనే బ్యాంకులో అడిగి చూసుకోండి. రెండు మూడు ఖాతాలున్నవాళ్లకు డబ్బు వాడని ఖాతాలో పడి, రాలేదనుకుని తిరగడం ఎక్కువ.

ఈ లెక్కలు పిల్లలు నిద్రపోయాక వేసుకోండి. "నీ చదువు వల్లే అప్పులు" అన్న మాట కోపంలో అనేస్తాం. పిల్లలు దాన్ని నిజంగానే మోస్తారు. పన్నెండేళ్లు దాటినోళ్లకు ఉన్న సంగతి చెప్పచ్చు. "ఈసారి వాన ఆలస్యమైంది, బ్యాగు పాతదే కుట్టించుకుందాం, ఫీజు మేము చూసుకుంటాం" అంటే చాలు. చివరి ముక్క తప్పకుండా ఉండాలి.

ఇక భయం. మన ఇళ్లలో సెలవులంతా ఒక మాట నడుస్తుంది, "బడి తెరవనీ, నీ పని చెప్తా, సారు తోలు తీస్తాడు." నెలన్నర ఆ మాట విన్న పిల్లోడు బడికి నవ్వుతూ పోతాడని ఎట్లా అనుకుంటాం? ఆ బెదిరింపు పూర్తిగా మానేయాలి. దాని బదులు బడి తెరిచే ముందు వారంలో ఒక సాయంత్రం బడి దాకా నడిపించి, గేటు, కొళాయి, బాత్రూము ఎక్కడుందో చూపించండి. అదే క్లాసుకు వచ్చే ఒక పిల్లోణ్ణి ఇంటికి పిలిచి ఆడుకోనివ్వండి. తెలిసిన ముఖం ఒక్కటి ఉన్నా మొదటి రోజు చాలా తేలికవుతుంది. "భయమేస్తోందా?" అని అడిగితే లేదంటారు. "మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తింటావు? ఆటోలో ఎవరు ముందు కూర్చుంటారు?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

చిన్న పిల్లలను దింపేటప్పుడు వాళ్లు చూడకుండా జారుకోవద్దు. తరువాత రోజు నుంచి కాలు వదలరు. ముద్దు పెట్టి, "అన్నం తిన్నాక, పెద్ద బెల్లు కొట్టాక అవ్వ వస్తుంది" అని చెప్పి, నిమిషంలో కదలండి. చెప్పిన మనిషి చెప్పిన టైముకు గేటు దగ్గర ఉండాలి. మొదటి పది రోజులు ఇందులో ఐదు నిమిషాలు కూడా తేడా రాకూడదు. గేటు దగ్గర నిలబడి కిటికీలోంచి తొంగి చూస్తే ఆగిన ఏడుపు మళ్లీ మొదలవుతుంది. మామూలుగా రోజురోజుకూ ఏడుపు తగ్గాలి. రెండు వారాలైనా తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే, టీచరుతో కూర్చుని మాట్లాడాలి.

సోమవారం పొద్దున కడుపునొప్పి, తలనొప్పి అనే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. అది అబద్ధం కాదు, భయానికి కడుపు నిజంగానే నొస్తుంది. జ్వరం, వాంతులు, రాత్రి నిద్రలో లేపే నొప్పి, మూత్రంలో మంట, బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరు దగ్గరికి పోవాలి. అవేవీ లేకుండా బడి రోజుల్లో పొద్దునే వచ్చి, పదకొండుకల్లా తగ్గి, ఆదివారం అసలు రాకపోతే అది చాలావరకు భయమే. అప్పుడు ఇంట్లో ఉంచేసి, ఫోను చేతికిచ్చి, అవ్వ పక్కన కూర్చోబెడితే మరుసటి రోజు నొప్పి రెండింతలవుతుంది. తప్పక ఇంట్లో ఉంచాల్సి వస్తే మంచం మీద పడుకోవాలి, టీవీ లేదు, ఫోను లేదు, ఆట లేదు. కోపంగా చెప్పద్దు, ఆస్పత్రిలో చెప్పినట్టు మామూలుగా చెప్పండి. ఆ రోజు సాయంత్రం మెల్లగా కారణం వెతకండి. ఎవరైనా కొడుతున్నారా, కులం పేరుతో ఏదైనా అన్నారా, ఆటోలో పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారా, నోటు పుస్తకం పూర్తి కాలేదా. తెలుగు పుస్తకంలోంచి ఒక పేరా గట్టిగా చదివించి చూడండి. నాలుగో తరగతి పిల్లోడు అక్షరాలు కూడబలుక్కుంటున్నాడంటే వాడి భయం క్లాసులో లేచి చదవమంటారని. అట్లాంటి పిల్లోడికి ధైర్యం చెప్పి లాభం లేదు, రోజూ పదిహేను నిమిషాలు పక్కన కూర్చుని చదివించాలి.

వారం పైన బడి మానేసిన పిల్లలను ఒక్కసారిగా రోజంతా కూర్చోబెట్టడం కష్టం. హెడ్మాస్టరుతో మాట్లాడి మొదటి రెండు రోజులు రెండు పీరియడ్లు, తరువాత మధ్యాహ్నం భోజనం దాకా, ఆ తరువాత పూర్తిగా, అట్లా వారంలో పెంచండి. కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు పోయి వచ్చిన పిల్లలకు ఇది మరీ అవసరం. నెలల పాఠాలు పోయి ఉంటాయి, తోటి పిల్లలు ముందుకు పోయి ఉంటారు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం వయసుకు తగ్గ క్లాసులోనే కూర్చోబెట్టి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కింది క్లాసులో కూర్చోమంటే ఒప్పుకోవద్దు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కూడా కుదరదు.

బాగా దిగులుగా, ఎవరితో మాట్లాడకుండా, చచ్చిపోతా అనే మాట అనే పిల్లల విషయంలో ఒక్క రోజు కూడా ఆగద్దు. సర్కారు మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీమానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా పిల్లలను కొడుతున్నారన్నా, వేధిస్తున్నారన్నా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయాలి. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా సర్కారు పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు.

ఆరో తరగతికి హాస్టల్లో ఉండి చదివే బడికి, అంటే బనవాసి నవోదయకో, లేపాక్షి నవోదయకో, గురుకులానికో, కస్తూర్బాకో పోయే పిల్లల ఇళ్లలో తయారీ వేరే. పదేళ్ల పిల్లలు అక్కడ తమ బట్టలు తామే ఉతుక్కోవాలి, పక్క సర్దుకోవాలి, తలకు నూనె పెట్టి జడ వేసుకోవాలి, పెట్టెకు తాళం వేసి తాళంచెవి పోకుండా చూసుకోవాలి. ఈ నాలుగు పనులూ మే నెలంతా ఇంట్లో చేయించండి. ప్రతి బట్ట మీదా, బకెట్టు మీదా, పళ్లెం మీదా పేరు చెరగని ఇంకుతో రాయండి. వస్తువు పోతే మొదటి వారం ఏడుపంతా దాని గురించే. ఇంటి నంబరు, ఇంకో చుట్టం నంబరు కంఠతా రావాలి. ఫోనులో "నన్ను తీసుకుపో అమ్మా" అని ఏడిస్తే "సరే, ఆదివారం వచ్చి తీసుకొచ్చేస్తా" అనద్దు. ఆ పిల్లలు ఆదివారం దాకా గేటు వైపే చూస్తూ ఉంటారు, ఎవరితోనూ కలవరు. "ఈ రోజు ఏం పెట్టారు? నీ మంచం పక్కన ఎవరున్నారు? వాళ్ల ఊరేది?" అని అడగండి. ఫోను పెట్టేముందు మళ్లీ ఏ రోజు, ఎన్ని గంటలకు మాట్లాడతారో చెప్పండి. ఆ టైముకు సేద్యంలో ఉన్నా, సంతలో ఉన్నా, ఫోను చేతిలో ఉంచుకోండి.